బానెట్ మీద రెండు మూతలు

ఖమ్మంలో మా వీధి చివరి ఆస్పత్రిలో మోకాళ్లకు వ్యాయామం చేయించే అమ్మాయి కొత్తగా చేరింది. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, ఎడమ మోకాలి కింద చుట్ట చుట్టిన టవల్ ఒకటి పెట్టి, చేతి గడియారం చూసుకుంటూ చెబుతుంది. "నొక్కండి అంకుల్. అట్లనే పట్టండి. పది లెక్కపెట్టండి. ఇగ వదలండి." మొదటి రోజు ఆ మాటలు ఆ వరసలో వినగానే నాకు నవ్వొచ్చింది. నొప్పికి మూలిగేవాళ్లను చూసిందే గానీ నవ్వేవాళ్లను చూసినట్టు లేదు, కాస్త అనుమానంగా నా ముఖంలోకి చూసింది. ఏం చెప్పను. ఇవే మాటలు, ఇదే వరసలో, ఇంతకన్నా కటువుగా, టేకులపల్లి దగ్గర ఒక తండాలో రేకుల షెడ్డు కింద రెండు గంటల పాటు విన్నాను. చెప్పినాయన కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నేను కారులో కూర్చుని ఇదే ఎడమ కాలితో క్లచ్ పెడల్ నొక్కి, పట్టి, వదులుతున్నాను. పాపం ఆ కాలికి ఏమీ తెలియదు. తప్పు చేసింది చేతులు, దాచింది నోరు. శిక్ష మాత్రం కాలికి పడింది.

ఆ కారు మా బావది. బావ అంటే మా అక్క భర్త. బొగ్గు గనుల్లో ఇంజనీరుగా పనిచేసి కొత్తగూడెంలోనే స్థిరపడ్డాడు. పెళ్లికి ముందు, చేతిలో మొదటిసారి నాలుగు డబ్బులు ఆడుతున్నప్పుడు, హైదరాబాదులో ఒక ముసలి డాక్టరు అమ్మేస్తుంటే ఆ కారు కొన్నాడు. విదేశీ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. ఒకప్పటి ఎరుపు వెలిసి ఇటుక రంగుకు తిరిగింది. ఎంత కిందికి ఉంటుందంటే, అందులో కూర్చుంటే రోడ్డు మీద పీట వేసుకుని కూర్చున్నట్టే. పక్కన బస్సు ఆగితే కిటికీలు కనపడవు, చక్రం బోల్టులు కనపడతాయి. అక్కను పెళ్లి చేసుకుని తీసుకొచ్చింది అందులోనే. వాళ్ల పెళ్లి భద్రాచలం దాటి చర్ల వైపు పోతుంటే అడవిలో వచ్చే ఒక పల్లెలో, చిన్న పెంకుల చర్చిలో జరిగింది. బావ వాళ్ల నాన్న అప్పుడు అక్కడ పాస్టరు. ప్రతి ఏడాది మే నెలలో పెళ్లిరోజున ఇద్దరూ ఆ కారులో అక్కడికి వెళ్లి, ఆ చర్చిలో కాసేపు కూర్చుని, చెట్టు కింద చద్ది తిని తిరిగొచ్చేవారు. నేను చెప్పబోయే ఏడాదికి ముప్పై నాలుగు ప్రయాణాలు పూర్తయ్యాయి, ఒక్కటీ తప్పలేదు. "నా పక్కన కూసోవాలంటే మీ బావకు ఆ కారే కావాలె. ఇంట్ల సోఫా మీద పక్కన కూసున్నది నేను చూడలే," అనేది అక్క.

ఆ ముప్పై అయిదో ప్రయాణానికి పద్దెనిమిది రోజుల ముందు నేను ఆ కారు అడిగి తీసుకున్నాను. ఉద్యోగం వదిలాక మా పత్రిక ఆదివారం పేజీ వాళ్లు నేలకొండపల్లి బౌద్ధ స్తూపం గురించి ఒక వ్యాసం అడిగారు. అక్కడికి బస్సులో పోవచ్చు, నా సొంత కారులో పోవచ్చు. కానీ ముప్పై ఏళ్లు మోటారు సైకిల్ మీద జిల్లా అంతా తిరిగిన విలేకరికి ఒక్కరోజు టాపు తీసిన కారులో పోవాలని ఉండదా. బావ ఆ కారు ఎవరికీ ఇచ్చే మనిషి కాదు. తాళం నా చేతిలో పెట్టి, వెంటనే వదలకుండా పట్టుకుని, ఒకే ఒక మాట చెప్పాడు. "బానెట్ ఎత్తొద్దు బామ్మర్ది. ఆగితే ఆగనియ్యి. నాకు ఫోన్ చెయ్యి." సరేనన్నాను.

స్తూపం చూశాక కల్లూరు దాకా పోయాను. అక్కడ మా చిన్నాన్న కొడుకుకు పొలం, ట్రాక్టరు, పొలంలోనే ఇల్లు ఉన్నాయి. కారు చూపించి కాస్త గొప్పలు పోదామన్న ఆలోచన తప్ప వేరే పనేమీ లేదు. ఊళ్లోకి వచ్చేసరికి క్లచ్ పెడల్ మెత్తబడింది. కాలు పెడితే బురదలో దిగినట్టు దిగుతోంది, గేరు పడేటప్పుడు గరగరమంటోంది. తమ్ముడి ఇంటి ముందు ఆపి, బావ మాట మరిచిపోయినట్టు నాకు నేనే నటించి, బానెట్ ఎత్తాను. డ్రైవరు కాళ్ల వైపు రెండు చిన్న డబ్బీలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి క్లచ్‌ది, రెండోది బ్రేకుది. క్లచ్ డబ్బీ అడుగంటి ఉంది. ట్రాక్టర్ కొట్టంలో ఎర్ర డబ్బా ఒకటి కనపడింది. ట్రాక్టరు వెనక నాగలిని పైకెత్తే లిఫ్టులో పోసే ఆయిల్ అది. కల్లూరు వైపు ట్రాక్టరున్న ప్రతి ఇంట్లో ఆ డబ్బా ఉంటుంది. గేటు కీలుకు అదే, పంపు నట్టుకు అదే, కుట్టు మిషనుకు కూడా అదే. అదే పోశాను. పెడల్ నాలుగుసార్లు కొడితే గట్టిపడింది. నేనేదో ఆపరేషను చేసినంత సంబరపడ్డాను.

కొత్తగూడెంలో కారు అప్పగించేటప్పుడు బావ దాని చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ అంచు మీద నా వేలి ముద్రలు చూశాడు. "ఎత్తినవా?" అన్నాడు. లేదు బావా, కల్లూరులో పెడల్ మెత్తబడితే ఒక మెకానిక్‌కు చూపించాను, క్లచ్ డబ్బీలో కొంచెం ఆయిల్ పోశాడు, అంతే, బ్రేకు జోలికి పోలేదు అన్నాను. ఆ చివరి ముక్క ఎందుకు కలిపానో తెలియదు. వార్తలో నమ్మకం కుదరడానికి ఒక చిన్న వివరం కలపాలని కొత్తవాళ్లకు నేనే చెప్పేవాణ్ని, బహుశా ఆ అలవాటు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో లేని మనిషిని పుట్టించి అతని చేత పని చేయించింది అదొక్కసారే.

పెళ్లిరోజుకు ముందు రోజు పొద్దున ఆరు గంటలకు బావ ఫోన్ చేశాడు. "క్లచ్చు విడుస్తలేదు. మేస్త్రి దగ్గరికి పోవాలె. నువ్వు జల్దీ రా, పక్కన మనిషి కావాలె." నేను ఖమ్మం నుంచి మొదటి బస్సు పట్టుకుని వెళ్లాను. పెడల్ పూర్తిగా నొక్కినా ఇంజను పట్టు గేరును వదలడం లేదు. నొక్కిన పెడల్ సగంలో ఆగిపోతే బావ బూటు ముందు భాగంతో పైకి లేపుకుంటున్నాడు. క్లచ్ లేకుండా కారు నడపడం ఆయనకు తెలుసు. గేరులో పెట్టి తాళం తిప్పితే కారు కప్పలా ఎగిరెగిరి కదులుతుంది. కదిలాక ఇంజను చప్పుడు విని, సరిగ్గా ఆ క్షణానికి గేరు మార్చాలి. ఒక్కటే షరతు, మధ్యలో ఆగకూడదు. ఆగితే మళ్లీ ఆ ఎగురుడు, ప్రతి ఎగురుడుకూ లోపల గేరు పళ్లు అరుగుతాయి.

అట్లా బయల్దేరాం. నా పని ముందు చూసి చెప్పడం. "గొర్లు, బావా." "ఎంత దూరంల?" "పోల్ దగ్గర." ఆయన యాక్సిలరేటర్ వదిలి, కారు దానంతటది మందగించేలా చేసి, చివరి గొర్రె తోక దాటేసరికి మళ్లీ అందుకునేవాడు. బీడీలు చుట్టే తునికాకు కోతల కాలం. కల్లాల్లో ఆకు కట్టలు ఆరబోసి ఉన్నాయి, గాలంతా ఆ వగరు వాసన. తలమీద కట్టలతో రోడ్డు దాటుతున్న ఆడవాళ్లు మా కారు చూసి నవ్వి, ఇంకా నెమ్మదిగా దాటారు. చెక్‌పోస్టు దగ్గర గేటు కిందికి దిగి ఉంది. బావ దూరం నుంచే హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. నేను సీట్లో లేచి నిలబడి రెండు చేతులూ ఊపాను. గార్డు మమ్మల్ని ఏమనుకున్నాడో గానీ గేటు లేపాడు. దాని కిందనుంచి పోతుంటే ఆయన "ఏం తొందర?" అని అరిచిన మాట సగమే వినపడింది. బావ చొక్కా వీపున తడిసి సీటుకు అతుక్కుంది. "రేపు అయితదంటవా?" అన్నాడు నన్ను చూడకుండానే. ఆయన గొంతులో బతిమాలుకోవడం విన్నది నేను అదే మొదలు.

మేస్త్రి గనుల వర్క్‌షాపులో బావ కింద పాతికేళ్లు పనిచేసి రిటైరైనవాడు. ఇల్లంత ఎత్తు డంపర్ లారీల తొట్లను ఎత్తే దించే హైడ్రాలిక్ పనులన్నీ ఆయన చేతిమీదనే. తండాలో సొంత ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకుని, నచ్చిన పని మాత్రమే చేసేవాడు. కూతురు భద్రాచలంలో నర్సు. మేము పోయేసరికి పళ్ల పుల్లతో బయటికొచ్చి, కారు ఆగిన తీరు చూసి, "క్లచ్చు లేకుంట వచ్చిండ్రా సార్? ఇంకా గంత ధైర్యం ఉందా?" అన్నాడు. కారు చుట్టూ తిరుగుతూ ముందు చక్రం మీద అరచెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు. "కాల్తాంది," అన్నాడు. "మే నెల ఎండ, కాలదా?" అన్నాడు బావ. మేస్త్రి ఇంకోసారి చక్రం వంక చూసి బానెట్ వైపు నడిచాడు.

ఆయన పద్ధతి ఒకటుంది. ఏదీ ముందు విప్పడు. మొదట నన్ను లోపల కూర్చోబెట్టి పెడల్ నొక్కమని, తను కారు కింద దూరి, కింది సిలిండర్ లోంచి బయటికొచ్చే కడ్డీ మీద సుద్దతో గీత గీసి చూశాడు. ఆ పాత కార్లలో క్లచ్‌కు తీగ ఉండదు. కాలితో నొక్కితే పై సిలిండర్ ఆయిల్‌ను తోస్తుంది, పైపులో ఆయిల్ కింది సిలిండర్‌ను తోస్తుంది, అది కడ్డీని తోస్తే క్లచ్ విడుస్తుంది. "అర అంగుళం జరగాలె సార్. పావు గూడ జరుగుతలేదు. జరిగింది మళ్ల ఎనకకు వస్తలేదు," అన్నాడు కింద నుంచి. తర్వాత కారు కింద నాలుగు పాత పేపర్లు పరిచాడు. నా పత్రికే. చుక్క ఎక్కడ పడుతుందో, ఏ రంగులో పడుతుందో చూడటానికి ఆయనకు అదే యంత్రం. "మీ పేపర్ల మీరేం రాస్తరో నాకెర్క లేదు పేపర్ సార్," అన్నాడు నాతో, "నా కాడికొచ్చినంక అది అబద్ధం రాయదు." బావ నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటికే నాకు ఎర్ర డబ్బా గుర్తొచ్చింది.

టీ తాగేలోపు చుక్క పడింది. మేస్త్రి ఆ పేపరు బయటికి లాగి, చుక్క మీద నీళ్లు చిలకరించి వేలితో రుద్దాడు. వాసన చూశాడు. లోపలికి పోయి స్టీలు గ్లాసు కాకుండా గాజు గ్లాసు అడిగి తెచ్చుకున్నాడు. అందులో సగం నీళ్లు పోసి, కూతురు ఇచ్చిన పెద్ద సిరంజితో క్లచ్ డబ్బీలోంచి ఆయిల్ పీల్చి, గ్లాసులో వదిలి, చెంచాతో గిరగిరా తిప్పి, షెడ్డు అరుగు మీద పెట్టాడు. "బ్రేక్ ఆయిలు, క్లచ్ ఆయిలు ఒక్కటే సార్ గిసుంటి కార్లకు. నీళ్లల్ల కలిసిపోతది, చెక్కెర లెక్క. కొంచెం టైమియ్యాలె," అన్నాడు. ముగ్గురం ఆ గ్లాసు ముందు కూర్చున్నాం. తెల్లగా మబ్బుపట్టిన నీళ్లు నెమ్మదిగా తేరుకున్నాయి. పైన వేలెడు మందాన పసుపుపచ్చ పొర విడిగా తేలింది. అది నూనె. గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది.

"ట్రాక్టర్ ఆయిలు," అన్నాడు మేస్త్రి. "దీని రబ్బరు వాషర్లు ఈ నూనెకు ఉబ్బుతయి. ఉబ్బి సిలిండర్ల ఇరుక్కుంటయి. పైన, కింద అన్ని మార్చాలె, పైపుతోని సహా. ఎవరు పోసిండ్రు గిది?"

బావ నా వైపు తిరిగాడు. "కల్లూరు మెకానిక్. ఆయన నంబర్ ఇయ్యి బామ్మర్ది." నేను ఫోన్ తీసి, నంబర్ల మీద వేలు జరుపుతూ, వెతుకుతున్నట్టు నటించాను. ఇక్కడ సిగ్నల్ లేదన్నాను. అది మాత్రం నిజం. "గుట్ట మీద దొర్కుతది," అన్నాడు మేస్త్రి, చేత్తో చూపిస్తూ. బావ అప్పటికే ఇంకో విషయంలో పడ్డాడు. ఆయన దగ్గర బీరువాలో ఎన్నో ఏళ్లుగా దాచిన క్లచ్ రబ్బర్ల కిట్టు ఒకటి ఉంది, పొద్దున సంచిలో వేసుకొచ్చాడు. బ్రేకుకు మాత్రం లేదు. తెప్పించాలంటే పక్షం రోజులు. "క్లచ్చు ఈ పూటకు అయితదా?" "అయితది సార్. బ్రేకు గూడ ఒకసారి ఇప్పి చూద్దునా?" "బ్రేకు జోలికి పోలేదన్నడు మా బామ్మర్ది. దాంతోని టైం పాడుచెయ్యకు. రేపు పొద్దుగాల ఆరింటికి బయల్దేరాలె." మేస్త్రి నా వంక చూశాడు. నేను తల ఊపాను.

గుట్ట ఎక్కాను. చిన్న మట్టి గుట్ట, పైన రెండు ఇప్పచెట్లు. పైకెక్కుతుంటే ఒక ఉపాయం తట్టింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను. కల్లూరు తమ్ముడికి ఫోన్ చేసి, బావ మాట్లాడితే తనే ఆ మెకానిక్‌నని చెప్పమని అడగాలనుకున్నాను. రింగయింది. తమ్ముడు ఎత్తాడు. సంగతి సగం చెప్పేసరికే పకపకా నవ్వాడు. "అదేంది అన్నా, ట్రాక్టరు ఆయిలు నువ్వే పోసుకుంటివి గదా. నేను వద్దన్నా వినకపోతివి. ఆ రోజు నువ్వు ఉషారులో రెండు మూతలూ బానెట్ మీద పెట్టి మరిచిపోయి పోబోతే నేనే గదా పరిగెత్తుకొచ్చి బిగించింది."

"రెండు మూతలా?" అన్నాను.

"రెండే గదా. ఒకదాన్లో బాగా పోసినవు, రెండో దాన్లో కొంచెం. నిండుగ ఉంటే మంచిదంటివి."

ఫోను ఎప్పుడు పెట్టేశానో గుర్తులేదు. నాకు మతిమరుపు లేదని పేరు. కలెక్టరు మీటింగులో ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో నోటుబుక్కు చూడకుండా చెప్పగలిగేవాణ్ని. ఆ రెండో మూత మాత్రం నా బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది. గుట్ట మీద నుంచి చూస్తే షెడ్డు, దాని ముందు ఇటుక రంగు కారు, పైకెత్తిన బానెట్ కనపడుతున్నాయి. బావ రబ్బర్లు ఒక్కొక్కటే గుడ్డ మీద పేరుస్తున్నాడు. నాకు మాత్రం పాల్వంచ దాటాక వచ్చే దిగుడు కనపడుతోంది. ఆ మలుపుల్లో కరెంటు ప్లాంటు నుంచి ఎదురొచ్చే బూడిద లారీలు, టాపు తీసిన కారు, కొంగు ఎగరకుండా పళ్ల మధ్య పట్టుకున్న అక్క. కాల్తున్న చక్రం సంగతి అప్పుడు అర్థమైంది. క్లచ్‌లో లాగే బ్రేకులో కూడా రబ్బర్లు ఉబ్బడం మొదలై, అవి పట్టు వదలడం లేదు. ఇవాళ పట్టుకుని వదలనివి రేపు అసలు పట్టకపోవచ్చు.

కిందికి దిగుతుంటే ఫోన్ మోగింది. అక్క. "ఏం రా తమ్ముడూ, అయిందా? నేను చీర ఇస్త్రీకి ఇచ్చిన. పులిహోర రాత్రే కలుపుదునా, పొద్దున కలుపుదునా?" మళ్లీ చేస్తానక్కా అని పెట్టేశాను. గుట్ట దిగడానికి మామూలుగా రెండు నిమిషాలు పడుతుంది. నేను ఇంకా ఎక్కువ తీసుకున్నాను. మధ్యలో ఒక చోట నిలబడి, బ్రేకు కూడా చూస్తే మంచిదేమో అని మామూలుగా అనేస్తే సరిపోదా అని కూడా లెక్కలు వేశాను. వద్దంటాడు బావ. నేను చెప్పిన అబద్ధాన్నే నాకు అప్పజెప్పి వద్దంటాడు.

షెడ్డులోకి వచ్చేసరికి మేస్త్రి పై సిలిండర్ విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఉబ్బిన వాషర్ వేళ్ల మధ్య జున్నుముక్కలా మెత్తగా ఉంది.

"నంబర్ దొరికిందా?" అన్నాడు బావ.

"కల్లూరుల మెకానిక్ ఎవరూ లేడు బావా. బానెట్ ఎత్తింది నేను. ఆయిలు పోసింది నేను. బ్రేకు డబ్బీల గూడ పోసిన."

గడియారం పన్నెండుకు అయిదు నిమిషాలు తక్కువ.

మేస్త్రి లేచి లోపలికి పోయి రెండో గాజు గ్లాసు తెచ్చాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి లంబాడీలో ఏదో అంది. ఆయన సిరంజి కడుక్కుంటూ మాకు చెప్పాడు. "ఈ రెండు గ్లాసులు ఇగ ఇంట్లకు రానియ్యదట." ఎవరూ నవ్వలేదు. బ్రేకు డబ్బీలోంచి పీల్చి నీళ్లలో వదిలి తిప్పి పెట్టాడు. మళ్లీ ముగ్గురం కూర్చున్నాం. ఈసారి నీళ్లు త్వరగానే తేరుకున్నాయి. ఏమీ తేలలేదని నేను ఊపిరి వదలబోతుండగా, గ్లాసు అంచు చుట్టూ సన్నని ఉంగరం ఒకటి కనపడింది. దారమంత. మేస్త్రి గ్లాసును ఎండకు పట్టుకుని బావకు చూపించాడు.

"కారు ఇయ్యాల అయ్యేటిది కాదు సార్," అన్నాడు. "క్లచ్చు అయితది. బ్రేకు రబ్బర్లు లేకుంట నేను తాళం మీ చేతికియ్యను. మీరు అప్పుడు నా ఆఫీసరు. ఇప్పుడు కాదు."

బావ నన్ను తిడితే బాగుండునని నాకు ఉంది. తిట్టలేదు. కారు వెనక్కి నడిచి, డిక్కీ తెరిచి, మూత బిగించిన సీసా ఒకటి తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టాడు. బ్రేక్ ఆయిల్. సగానికి పైగా ఉంది. "ఆ రోజు గూడ ఇది డిక్కీలనే ఉండె," అన్నాడు. "ఫోన్ చేస్తే చెప్తుంటి." అంతే.

కొంచెంసేపయ్యాక మేస్త్రితో అన్నాడు. "క్లచ్చు పని కానియ్యి. గాలి తీసేటప్పుడు పెడల్ మీద ఈయన్ని కూసోబెట్టు."

కొత్త రబ్బర్లు ఎక్కించి, పైపు మార్చి, స్పిరిటుతో కడిగి, ఆ సీసాలోని ఆయిల్ పోశాక, పైపుల్లో మిగిలిన గాలి బయటికి తీయాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటే, రెండోవాళ్లు కింది సిలిండర్ దగ్గర చిన్న నట్టు వదులు చేసి, బుడగలు పోయాక బిగిస్తారు. నట్టు బిగించకముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది, మొదటి నుంచి చెయ్యాలి. నేను రెండుసార్లు ముందే తీశాను. "నొక్కుండ్రి. పట్టుండ్రి. పట్టుండ్రంటే పట్టుండ్రి సార్, వదలమన్ననా?" కింద నుంచి ఆ గొంతు, రేకుల వేడి, మోకాలి వెనక మొదలైన వణుకు. బావ బానెట్ దగ్గర డబ్బీలో ఆయిల్ తగ్గినప్పుడల్లా పోస్తూ నిలబడ్డాడు. నా ముఖానికీ ఆయన ముఖానికీ మధ్య అద్దం. రెండు గంటల్లో ఆయన నాతో మాట్లాడింది ఒక్కసారే. "అక్కకు నువ్వే చెప్పాలె."

మధ్యలో గుట్ట మీదికి పోయి చెప్పాను. అక్కా, రేపు కారు రాదు, నా వల్లనే అని మొత్తం చెప్పాను. అవతల ఇస్త్రీ చేసిన చీర కవరు చప్పుడు వినపడింది. తర్వాత అడిగింది. "భద్రాచలం ఫస్టు బస్సు ఎన్ని గంటలకు?" నా కారులో దింపుతానన్నాను. "నువ్వు ఇంటికి పోయి పండుకో. నిన్ను చూస్తే మీ బావ చర్చిల గూడ ప్రార్థన చెయ్యడు," అంది.

వాళ్లు బస్సులోనే పోయారు. భద్రాచలంలో దిగి, ఇంకో బస్సెక్కి, చివరి మూడు కిలోమీటర్లు ఆటోలో పోయారు. ముప్పై అయిదు ప్రయాణాల్లో కారు లేనిది అదొక్కటే, అది నా పేరు మీద ఉంది. ఆ తర్వాత వారం దాకా బావ నా ఫోన్ ఎత్తలేదు. అక్క మాత్రం చేసింది. "కారుల గాలికి ఒక్క మాట వినపడకపోయేది. బస్సుల తెలిసింది మీ బావ ఎంత మాట్లాడ్తడో. పాల్వంచ కాడ మొదలుపెట్టి చర్ల దాకా ఆపలే. కారే నయం, జల్దీ బాగుచేపియ్యుండ్రి."

బ్రేకు కిట్టు వచ్చాక మేస్త్రి ఆ పనీ పూర్తి చేశాడు. విప్పిన బ్రేకు వాషర్ ఒకటి నాకు కాగితంలో చుట్టి ఇచ్చాడు. పాత పేపరే, నా పత్రికదే. ఇంకా నా బల్ల సొరుగులో ఉంది. బావ నన్ను క్షమించానని ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. కానీ మరుసటి ఏడాది ఏప్రిల్ చివర్లో ఫోన్ చేశాడు. క్లచ్ ఆయిల్ ఏడాదికోసారి మార్చాలట, గాలి తీయాలట, పెడల్ మీద మనిషి కావాలట. కొత్తగూడెంలో మనుషులు లేరా అని నేను అడగలేదు. ఆ ఏడాదీ, ఆ పై ఏడాదీ పోయి నొక్కి వచ్చాను. ఈ ఏడాది ఫోన్ వచ్చినప్పుడు మోకాలి సంగతి చెప్పాను. ఆరు వారాలు పడుతుందన్నారని చెప్పాను. పెళ్లిరోజుకు ఉన్నది నాలుగు వారాలే. బావ "ఉండు, ఆగుదాం. చివరి వారంల చూద్దాం," అన్నాడు. అందుకే ఆ అమ్మాయి పది లెక్కపెట్టమంటే నేను పన్నెండు దాకా పట్టి ఉంచుతున్నాను.

బల్ల మీద పడుకుని అంకెలు లెక్కపెడుతుంటే కొన్ని లెక్కలు గుర్తొస్తాయి. ఆ రబ్బర్లు ఉబ్బడానికి పదిహేడు రోజులు పట్టింది. పేపరు మీద చుక్క పడడానికి ఒక టీ తాగినంతసేపు. తెలిసిన మాట నా నోటి దాకా రావడానికి పదకొండుంబావు నుంచి పన్నెండుకు అయిదు తక్కువ దాకా, సరిగ్గా నలభై నిమిషాలు పట్టింది. ఉద్యోగంలో ఉన్న ముప్పై ఏళ్లు ఎట్లా గడిచాయంటే చెప్పలేను గానీ, ఆ నలభై నిమిషాల్లో ప్రతి నిమిషం ఇప్పటికీ నాకు విడివిడిగా తెలుసు.